ఆంధ్ర తిలక్ గాడిచర్ల హరిసర్వోత్తమరావు

గూడూరులోగాని, ఎమ్మిగనూరులోగాని, ఆదోనిలోగాని నేడు పద్ధెనిమిదేళ్ళు నిండిన యువతీయువకులు ఓటర్ల జాబితాలో పేరు నమోదు చేయించుకోవచ్చు. మీకు ఆస్తి ఎంత, మీరు కట్టే పన్ను ఎంత, ఏ తరగతి వరకు చదివారు అని అడిగే అధికారి లేడు. ప్రభుత్వం చేసిన పని నచ్చకపోతే ఆ మాటను నలుగురిలో చెప్పవచ్చు, పత్రికకు వ్రాయవచ్చు. నూరేళ్ళ క్రితం ఈ సీమలో ఈ రెండు హక్కులూ ఇంత సులభంగా దక్కేవి కావు. ఓటు పన్ను కట్టగల కొద్దిమందికే పరిమితం. ప్రభుత్వాన్ని గట్టిగా విమర్శించిన వ్యాసం జైలు తలుపును తట్టేది. ఈ సత్యాన్ని ఆంధ్రులలో అందరికంటె ముందుగా స్వయంగా అనుభవించినవారు కర్నూలువాసి గాడిచర్ల హరిసర్వోత్తమరావు. పత్రికలో వ్రాసిన వ్రాతకు రాజద్రోహ నేరంపై చెరసాలకు వెళ్ళిన తొలి తెలుగువారు ఆయన. ఆంధ్ర తిలక్ అనే బిరుదు అందువల్లనే వచ్చింది.

హరిసర్వోత్తమరావు 1883 సెప్టెంబరు 14న కర్నూలులో జన్మించారు. తల్లి భాగీరథీబాయి, తండ్రి వెంకటరావు. పూర్వులు కడప జిల్లా సింహాద్రిపురం నుండి వచ్చి కర్నూలులో స్థిరపడినవారు. పేరును గూర్చి ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. హరియే సర్వోత్తముడన్నది మాధ్వ మతానికి మూలసూత్రం. మంత్రాలయం చుట్టుపట్ల, తుంగభద్ర రెండు గట్ల మీద ఆ మతం చిరకాలంగా వేళ్ళూనినది. ఆ సూత్రమే ఆయనకు నామధేయమైంది. దేవునికి తప్ప మరెవరికీ సర్వోత్తమత్వాన్ని అంగీకరించని పేరు పెట్టుకొన్నవాడు దొరతనానికి తలవంచకపోవడం పేరుకు తగ్గట్టుగానే ఉన్నదని చమత్కరించవచ్చు.

ఇల్లు పేదది. చదువు మధ్యలో ఆగిపోవలసిన పరిస్థితులు వచ్చినా ఉపకారవేతనం అండగా నిలిచింది. కర్నూలు, గుత్తి, నంద్యాలలో చదివి, మద్రాసు చేరి 1906లో ఎం.ఏ. పూర్తి చేశారు. ఆ పట్టం పొందిన తెలుగువారు ఆనాటికి వ్రేళ్ళపై లెక్కింపదగినంతమందే. అంత చదువు చదివిన పేద ఇంటి కుమారుని నుండి బంధువులు ఆశించేది సర్కారు కొలువు. ఉపాధ్యాయవృత్తిని ఎంచుకొని ఆయన రాజమండ్రిలోని ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో చేరారు. మరికొన్ని నెలలు మౌనంగా గడిపి ఉంటే ప్రభుత్వ పాఠశాలలో ఉద్యోగం, నెలనెలా జీతం, చివరికి పింఛను ఆయన కోసం సిద్ధంగా ఉండేవి.

ఆ మౌనం ఆయనకు సాధ్యం కాలేదు. 1905లో జరిగిన బెంగాలు విభజన దేశమంతటా వందేమాతర ఉద్యమాన్ని రగిల్చింది. 1907 ఏప్రిల్‌లో బిపిన్ చంద్రపాల్ ఆంధ్రదేశ పర్యటనలో భాగంగా రాజమండ్రికి వచ్చి ఉపన్యసించారు. చిలకమర్తి లక్ష్మీనరసింహం ఆ ఉపన్యాసాలను తెలుగు చేసి వినిపించారు. విద్యార్థులు వందేమాతరం పతకాలు ధరించి తరగతులకు వెళ్ళసాగారు. కళాశాల అధ్యక్షుడు మార్క్ హంటర్ దీనిని ధిక్కారంగా భావించి ఆంక్షలు విధించాడు. విద్యార్థుల పక్షాన ముందు నిలిచినవారు హరిసర్వోత్తమరావు. ఫలితంగా ఆయనను కళాశాల నుండి వెళ్ళగొట్టారు. అంతేకాక ప్రభుత్వోద్యోగానికి అనర్హుడని నిర్ణయించారు. ఒక గుడ్డ పతకానికి చెల్లించిన మూల్యం ఒక జీవితకాలపు జీతం.

ఇటువంటి సందర్భంలో చాలామంది క్షమాపణ చెప్పుకొని తిరిగి లోపలికి వస్తారు. వారిని తప్పుపట్టనక్కరలేదు, ఇంట్లో పొయ్యి వెలగాలి. హరిసర్వోత్తమరావు వేరే దారి పట్టారు. కొమర్రాజు వేంకట లక్ష్మణరావు, మునగాల రాజా నాయని వెంకట రంగారావు, రావిచెట్టు రంగారావు మొదలైనవారు 1906లో హైదరాబాదులో విజ్ఞాన చంద్రికా మండలిని స్థాపించి ఉన్నారు. చరిత్ర, శాస్త్రం, మహాపురుషుల జీవితాలు సామాన్యునికి తెలుగులో అందించడం ఆ మండలి సంకల్పం. దాని తొలి ప్రచురణలలో ఒకటి హరిసర్వోత్తమరావు రచించిన అబ్రహాం లింకన్ చరిత్ర. అది 1907లో వెలువడింది.

ఈ గ్రంథ విషయాన్ని గమనించాలి. కొయ్యగుడిసెలో పుట్టి, స్వయంకృషితో చదువుకొని, అమెరికా అధ్యక్షుడై 1863లో బానిస విముక్తి ప్రకటన చేసి, 1865లో హత్యకు గురియైన వ్యక్తి కథ అది. జాతి వర్ణాలను బట్టి ఓటు హక్కును నిరాకరింపరాదనే రాజ్యాంగ సవరణ అమెరికాలో 1870లో వచ్చింది. అయినా దక్షిణ రాష్ట్రాలు ఓటరు చేత చదివించి చూసే పరీక్షలు, తలపన్నులు పెట్టి నల్లజాతివారిని పోలింగు కేంద్రాలకు దూరంగానే ఉంచాయి. చట్టంలో ఉన్న హక్కును చదువురాని కారణం చూపి లాగివేసుకోవచ్చునని ఆ దేశ చరిత్ర చెబుతున్నది. హరిసర్వోత్తమరావు తరువాతి జీవితమంతా చదువు చుట్టూ తిరగడం చూస్తే, ఇరవైనాలుగేళ్ళ వయసులో లింకన్ చరిత్ర వ్రాయడం వృథా పోలేదనిపిస్తుంది.

ఉద్యోగం లేదు, కలం ఉన్నది. 1908లో ఆయన విజయవాడ నుండి స్వరాజ్య అనే వారపత్రికను ప్రారంభించారు. అదే సంవత్సరం మార్చిలో తిరునెల్వేలిలో దారుణం జరిగింది. స్వదేశీ ఓడల సంస్థను నడిపిన వి.ఓ. చిదంబరం పిళ్ళెను, ఆయన సహచరుడు సుబ్రహ్మణ్య శివను ప్రభుత్వం నిర్బంధించగా, మార్చి 13న పట్టణంలో అలజడి చెలరేగింది. పోలీసు కాల్పులలో నలుగురు మరణించారు. ఆ కాల్పులను తీవ్రంగా ఖండిస్తూ స్వరాజ్య పత్రికలో విపరీతబుద్ధి అనే శీర్షికతో వ్యాసం వెలువడింది. వినాశకాలం దాపురించినప్పుడు బుద్ధి విపరీతమవుతుందనే లోకోక్తి తెలుగువారికి కొత్త కాదు. శీర్షిక చూడగానే పాఠకునికి లోకోక్తి మిగతా భాగం స్ఫురించింది. ప్రభుత్వానికి కూడా స్ఫురించినట్లున్నది.

రాజద్రోహ నేరం మోపి విచారణ జరిపారు. భారత శిక్షాస్మృతిలో 1870లో చేర్చిన 124ఎ సెక్షను దీనికి ఆధారం. ప్రభుత్వం పట్ల ప్రజలలో అప్రీతి కలిగించడం ఆ సెక్షను ప్రకారం నేరం. ఆ సెక్షను కిందనే బాలగంగాధర తిలక్‌కు అదే 1908 జూలైలో ఆరేళ్ళ ప్రవాస శిక్ష పడి, ఆయనను మాండలే పంపారు. హరిసర్వోత్తమరావుకు మూడేళ్ళ కఠిన కారాగార శిక్ష విధించారు. అప్పటికి ఆయన వయస్సు ఇరవైఐదు.

రాజద్రోహం అనే పదాన్ని ఒకసారి పరిశీలించాలి. మన ప్రాచీన సాహిత్యంలో రాజుకు అప్రియమైన సత్యం చెప్పడం ద్రోహంగా పరిగణింపబడలేదు. అది మంత్రికి విధి. మహాభారతంలో విదురుడు ధృతరాష్ట్రుని ఎదుటనే అతని తప్పులు ఎంచుతాడు. అరణ్యపర్వంలో ధృతరాష్ట్రుడు కోపించి విదురుని పొమ్మంటాడు. కాని మనసు నిలవక మళ్ళీ పిలిపించుకొంటాడు. గుడ్డిరాజుకు ఉన్న ఆ పాటి వివేకం లండను నుండి నడిచే పాలనకు లేకపోయింది. స్వాతంత్ర్యం వచ్చిన తరువాత కూడా 124ఎ సెక్షను చాలాకాలం శిక్షాస్మృతిలో నిలిచే ఉండటం మరొక విచిత్రం. 2022 మేలో సుప్రీంకోర్టు దాని అమలును నిలిపివేయించింది. 2024 జూలై 1 నుండి శిక్షాస్మృతి స్థానంలో భారతీయ న్యాయ సంహిత అమలులోకి వచ్చింది. అందులో రాజద్రోహం అనే మాట లేదు; దేశ సార్వభౌమత్వానికి భంగకరమైన చర్యలను గూర్చిన 152వ సెక్షను ఉన్నది. పాత సెక్షను నిజంగా పోయిందా, వేషం మార్చుకొన్నదా అని న్యాయవేత్తలు వాదించుకొంటూనే ఉన్నారు.

ఇక వెల్లూరు జైలు. రాజకీయ ఖైదీలకు ప్రత్యేక తరగతి ఉండాలనే ఆలోచన ఆనాటి పాలకులకు లేదు. ఎం.ఏ. పట్టభద్రుడైన పత్రికా సంపాదకుని దొంగలతో, హంతకులతో కలిపి ఉంచారు. కాళ్ళకూ చేతులకూ గొలుసులు, మెడలో కొయ్యబిళ్ళ, మట్టిచిప్పలో పురుగులన్నం. మూడేళ్ళ పాటు ఇదే నిత్యకృత్యం. జైలు నుండి బయటికి వచ్చిన తరువాత ఆయన ప్రభుత్వాన్ని ఎన్నడూ పూర్తిగా నమ్మలేదంటే ఆశ్చర్యపడనవసరం లేదు. ఒక వ్యక్తి శరీరంపై, అతని భోజనంపై, నిద్రపై సర్కారుకు ఎంత అధికారం ఉండగలదో ఆయన పుస్తకాలలో చదివి తెలుసుకోలేదు.

విడుదల తరువాత మరొక శిక్ష మొదలైంది. దీనికి తీర్పు లేదు, గడువు లేదు. పోలీసులు నీడవలె వెంట తిరిగేవారు. ఆయనకు ఇల్లు అద్దెకివ్వాలన్నా, భోజనం పెట్టాలన్నా జనం జంకేవారు. ప్రభుత్వమంటే ప్రజలకున్న భయం ప్రభుత్వం కంటె బలమైనదని ఆ రోజులలో తేలింది. అటువంటి సమయంలో ఆదరించినవారు కొమర్రాజు లక్ష్మణరావు. విజ్ఞాన చంద్రికా మండలి పనిలో ఆయన తిరిగి నిమగ్నులైనారు.

ఇంతలో పత్రికల మెడకు కొత్త ఉచ్చు బిగిసింది. 1910లో వచ్చిన ముద్రణాలయాల చట్టం ప్రకారం కొత్తగా అచ్చుయంత్రం పెట్టేవారు 500 నుండి 2,000 రూపాయల వరకు ధరావతు చెల్లించవలసి రావచ్చు. ప్రభుత్వానికి నచ్చని వ్రాత అచ్చయితే ఆ ధరావతును జప్తు చేయవచ్చు. సంపాదకుని జైలులో పెట్టనక్కరలేకుండా యజమాని సంచి ఖాళీ చేసే ఉపాయమిది. ఈ చట్టం నీడలోనే కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు బొంబాయిలో 1908లో వారపత్రికగా ప్రారంభించిన ఆంధ్రపత్రికను మద్రాసుకు తరలించి, 1914 ఏప్రిల్ నుండి దినపత్రికగా వెలువరించారు. రాజద్రోహిగా ముద్రపడిన హరిసర్వోత్తమరావును ఆ పత్రికా సంపాదకత్వ బాధ్యతలకు పిలవడం పంతులుగారి ధైర్యానికి నిదర్శనం. ప్రపంచ యుద్ధం ఆరంభమై వార్తల కోసం తెలుగునాడు ఎదురుచూస్తున్న కాలమది. ప్రతిదినమూ తెలుగులో లోకవార్తలు చదివే అలవాటు మన ఇళ్ళలో అప్పుడే కుదురుకొన్నది.

1916లో అనిబిసెంట్ మద్రాసులో హోంరూలు లీగును స్థాపించగా, హరిసర్వోత్తమరావు దాని ఆంధ్ర శాఖకు కార్యదర్శిగా పనిచేశారు. స్త్రీల కోసం సౌందర్యవల్లి అనే పత్రిక వెలువడటం వెనుక కూడా ఆయన కృషి ఉన్నది. ఆ దినాలలోనే స్త్రీల ఓటు ప్రశ్న తెరపైకి వచ్చింది. భారతదేశ వ్యవహారాల మంత్రి మాంటేగు 1917 డిసెంబరులో మద్రాసు వచ్చినప్పుడు సరోజినీ నాయుడు నాయకత్వంలో స్త్రీల ప్రతినిధి వర్గం ఆయనను కలిసి తమకూ ఓటు కావాలని కోరింది. 1919 చట్టం ఆ నిర్ణయాన్ని రాష్ట్రాల శాసనసభలకు వదిలివేయగా, 1921లో మద్రాసు శాసనమండలి స్త్రీలకు ఓటు హక్కునిచ్చింది. రాష్ట్రాలలో ఇది మొదటిది. అయితే ఆ ఓటుకూ ఆస్తి అర్హత తప్పలేదు. ఆస్తి స్త్రీ పేరున ఉండటమే అపురూపమైన రోజులలో ఆ హక్కు ఎందరికి దక్కిందో ఊహించుకోవచ్చు.

పురుషుల స్థితి ఎంతో మెరుగైనదేమీ కాదు. 1919 చట్టం కింద భూమిశిస్తో, పట్టణంలో పన్నో, ఆదాయపు పన్నో చెల్లించేవారే ఓటర్లు. మొత్తం జనాభాలో వారు సుమారు నూటికి ముగ్గురు. మెట్టచేలను నమ్ముకొన్న కౌలురైతు, ఎమ్మిగనూరు మగ్గం గుంటలో కూర్చున్న నేతగాడు, ఆదోని పత్తి జిన్నింగు మిల్లులో కూలి ఆ ముగ్గురిలో ఉండే అవకాశం లేదు. అటువంటి కాలంలో, 1927లో, హరిసర్వోత్తమరావు నంద్యాల నుండి మద్రాసు శాసనమండలికి సభ్యులైనారు. ఇరవై ఏళ్ళ క్రితం పాఠశాల ఉపాధ్యాయునిగా కూడా పనికిరాడని ఏ ప్రభుత్వం నిర్ణయించిందో, ఆ ప్రభుత్వాన్నే ప్రశ్నించే ఆసనంలో ఆయన కూర్చున్నారు. ప్రభుత్వాన్ని నమ్మనివారు సభలకు దూరంగా ఉండాలా, లోపలికి వెళ్ళి నిలదీయాలా అన్నది కాంగ్రెసును ఆనాడు రెండుగా చీల్చిన ప్రశ్న. ఆయన లోపలికి వెళ్ళారు. ఏది సరియైన మార్గమో చరిత్రకారులు వాదించుకోవచ్చు. గొలుసులు మోసినవారికి ఆ సభలో మాట్లాడే అర్హత ఎక్కువే ఉన్నదని మాత్రం చెప్పవచ్చు.

ఆ మరుసటి సంవత్సరం, 1928 నవంబరులో, నంద్యాలలో ఆంధ్ర మహాసభ జరిగింది. 1800లో నిజాం కంపెనీవారికి ఒప్పగించిన జిల్లాలను అంతవరకు దత్తమండలమని పిలిచేవారు. ఎవరో ఎవరికో ఇచ్చివేసిన సొత్తువలె వినిపించే ఆ పేరును తొలగించి, రాయలసీమ అనే పేరును ఆ సందర్భంలో స్వీకరించారు. ఈ నామకరణం హరిసర్వోత్తమరావుదని చాలాకాలం వ్రాస్తూ వచ్చారు. ఆ పేరును ప్రతిపాదించినవారు చిలుకూరి నారాయణరావు అని తరువాతి పరిశోధకులు చూపారు. గౌరవం ఎవరిదైనా, ప్రజలు తమ సీమకు తామే పేరు పెట్టుకోవడం చిన్న విషయం కాదు.

ఇక ఆయన జీవితంలో సుదీర్ఘమైన, నిశ్శబ్దమైన అధ్యాయం గ్రంథాలయోద్యమం. అయ్యంకి వెంకటరమణయ్య కృషితో 1914లో విజయవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడింది. మరుసటి సంవత్సరం గ్రంథాలయ సర్వస్వం అనే పత్రిక మొదలైంది. ఊరూరా పఠనమందిరాలు వెలిశాయి. కృష్ణా కాలువలపై పడవలో పుస్తకాలు తీసుకొనిపోయి గ్రామాలకు అందించిన ప్రయోగమూ జరిగింది. 1930లలో హరిసర్వోత్తమరావు ఈ సంఘానికి అధ్యక్షులై, జీవితాంతం ఆ ఉద్యమానికి పెద్దదిక్కుగా నిలిచారు. పఠనమందిరంలో పత్రిక చదివి వినిపించేవాడు ఒక్కడున్నా చుట్టూ ఇరవైమంది వినేవారు. శిస్తు ఎంత పెరిగింది, ఎందుకు పెరిగింది, సభలో ఎవరు ఏమన్నారు అన్న సంగతులు కరణం నోటి నుండి కాక అచ్చుకాగితం నుండి గ్రామానికి తెలియడం అక్కడ మొదలైంది. గ్రామాధికారి మాటకు పోల్చి చూసుకోవడానికి మరొక మాట దొరికింది. పోలీసులు కొన్ని పఠనమందిరాలపై కన్నువేసి ఉంచడానికి కారణమిదే.

ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. ప్రజలు చందాలు వేసుకొని నడుపుకొనే గ్రంథాలయానికి స్వేచ్ఛ ఉంటుంది, డబ్బు ఉండదు. ప్రభుత్వం నడిపితే డబ్బు ఉంటుంది, ఏ పుస్తకం ఉంచాలో పైవాడు నిర్ణయిస్తాడేమోనన్న శంక ఉంటుంది. ప్రభుత్వాన్ని జీవితమంతా అనుమానించిన ఉద్యమకారులే చివరికి గ్రంథాలయ చట్టం కావాలని పోరాడవలసి వచ్చింది. 1948లో మద్రాసు పౌర గ్రంథాలయ చట్టం వచ్చింది. ఇంటిపన్నుతో పాటు స్వల్పంగా గ్రంథాలయ పన్ను వసూలు చేసి, ఆ సొమ్మును జిల్లాలోని స్థానిక గ్రంథాలయ సంస్థకు చెందేటట్లు చేయడం దానిలోని ఏర్పాటు. ఊరివారి పన్ను ఊరివారి పుస్తకాలకే అన్నమాట. ఈ మార్గంలో చిక్కు కొంత విడిపోయింది. పూర్తిగా విడిపోలేదని చెప్పడమే న్యాయం. స్వచ్ఛంద గ్రంథాలయాలు కొన్ని ప్రభుత్వ శాఖలుగా మారిన తరువాత పూర్వపు ఉత్సాహం సన్నగిల్లిందని ఉద్యమంలోని పాతతరంవారు బాధపడ్డారు.

స్వాతంత్ర్యానంతరం హరిసర్వోత్తమరావు పదవుల వైపు పరుగెత్తలేదు. ఆయన దృష్టి వయోజన విద్యపై నిలిచింది. అందుకు కారణం ఆనాటి లెక్కలలోనే ఉన్నది. రాజ్యాంగం ఇరవై ఒక్క సంవత్సరాలు నిండిన ప్రతి స్త్రీ పురుషునికీ ఓటు ఇచ్చింది. 1951-52లో జరిగిన మొదటి సార్వత్రిక ఎన్నికలలో ఓటర్లు సుమారు 17 కోట్ల 30 లక్షలు. 1951 జనాభా లెక్కల ప్రకారం అక్షరాస్యులు నూటికి సుమారు 18 మంది. అభ్యర్థి పేరు చదవలేని ఓటరు కోసం గుర్తులు ఏర్పాటు చేశారు. ప్రతి అభ్యర్థికీ గుర్తుతో కూడిన ప్రత్యేకమైన పెట్టె పెట్టారు. ఉత్తరాది రాష్ట్రాలలో లక్షలాది స్త్రీలు తమ పేరు చెప్పక, ఫలానా వారి భార్య అని మాత్రమే వ్రాయించుకొన్నారు. అటువంటి 28 లక్షల పేర్లను జాబితాల నుండి తొలగించవలసి వచ్చింది. ఓటు చేతికి వచ్చి కూడా జారిపోయిన వైనమిది.

చదువురానివారికి ఓటు ఎందుకని ఆనాడు పెద్దమనుషులు కొందరు ప్రశ్నించారు. మన గ్రామాలలో నిరక్షరాస్యులు విజ్ఞత లేనివారు కారు. బేరంలో, పంచాయితీలో, పంట లెక్కలో వారిని మోసగించడం కష్టం. వారిని మోసగించేది కాగితం. వేలిముద్ర వేసిన పత్రంలో ఏమున్నదో తెలియని రైతు, తనను పాలించేవారు ఏ కాగితంపై ఏమి వ్రాసుకొన్నారో ఎట్లా అడగగలడు? అందుచేత పెద్దవారికి అక్షరాలు నేర్పడం హరిసర్వోత్తమరావుకు దానధర్మంగా కనిపించలేదు. ఓటు హక్కు అనే నాణేనికి మిగిలిన ముఖం అదే. డెబ్బై ఏళ్ళ వయసులో కూడా ఆయన సభలకు, శిక్షణ శిబిరాలకు తిరుగుతూనే ఉన్నారు.

1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం అవతరించింది. ఆయన జన్మించిన కర్నూలు పట్టణమే దానికి రాజధాని అయింది. అంతవరకు బళ్ళారి జిల్లాలో ఉన్న ఆదోని, ఆలూరు తాలూకాలు, వాటితో పాటు ఎమ్మిగనూరు, కర్నూలు జిల్లాలో చేరాయి. రాష్ట్రం కావాలని ఆంధ్ర మహాసభ వేదికలపై దశాబ్దాలు మాట్లాడినవారిలో ఆయన ఒకరు. రాజధాని మూడేళ్ళకే హైదరాబాదుకు తరలిపోవడం కూడా ఆయన చూశారు.

హరిసర్వోత్తమరావు 1960 ఫిబ్రవరి 29న మరణించారు. ఆంధ్ర, తెలంగాణ ప్రాంతాలలో వేరువేరుగా ఉన్న గ్రంథాలయ శాసనాలను ఒక్కటి చేస్తూ రూపొందిన ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయ చట్టం ఆ సంవత్సరం ఏప్రిల్ 1న అమలులోకి వచ్చింది. ఆయన చనిపోయి అప్పటికి నెల రోజులు దాటింది. నాటి నుండి మన ఊళ్ళలో ఇంటిపన్ను రసీదుపై గ్రంథాలయ పన్ను అనే చిన్న పద్దు కనిపిస్తూ వచ్చింది.